ఖాళీ గంపకు ఆశీలు

ఆ కబురు ముందుగా నాకు చెప్పింది గాజులమ్మే ఆవిడ. మార్చి నెలాఖరు ఎండలు. నేను పెరట్లో వడియాలకు పిండి కలుపుతున్నాను. ఆవిడ నెత్తి మీద గాజుల మలారం దించకుండానే, "అమ్మాయిగారూ, మీ మామగారు సంత పాడేశారంట!" అంది.

"సంత పాడటమేమిటి?"

"వేలంపాటండీ, పంచాయతీ ఆఫీసు కాడ. మూడోసారి కూడా అనేశారంట. ఇంక ఈ ఏడాదంతా సంత మీదేనంట. నా గాజుల కొట్టు మీద మాత్రం కాస్త దయుంచండమ్మా," అని, అప్పుడు దించింది మలారం.

లోపల్నుంచి మా అత్తయ్య వచ్చింది. "ఆయనా? వంకాయలు బేరమాడటం చేతగాక ఎంత చెబితే అంత ఇచ్చి వచ్చే మనిషి సంత పాడటమేమిటే? నువ్వెవరిని చూసి ఎవరనుకున్నావో," అంది. కానీ ఆవిడ చేతిలోని గరిటె నుంచి మజ్జిగ బొట్లు బొట్లుగా కారుతుంటే చూసుకోలేదు.

మాది పర్చూరు దగ్గర ఒక ఊరు. నల్లరేగడి నేల, మిరప, పత్తి, కొంచెం పొగాకు. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్త రోజులు అవి. ప్రతి మంగళవారం బస్సులు ఆగే రోడ్డు పక్క పంచాయతీ జాగాలో సంత జరిగేది. అక్కడ గంప దించి అమ్ముకున్నందుకు కట్టే రుసుమును మావైపు ఆశీలు అంటారు. గంప నెత్తిన ఉన్నంతసేపూ ఎవరూ ఏమీ అడగకూడదు. నేల తాకితే ఆశీలు. ఆ డబ్బును పంచాయతీ తనంతట తాను వసూలు చేసేది కాదు. ఏడాదికోసారి వేలం వేసి, ఎక్కువ పాడినవాళ్ళకు ఆ హక్కు ఇచ్చేది. పాడినవాళ్ళు పంచాయతీకి నెలనెలా వాయిదా కట్టాలి. పైన మిగిలింది వాళ్ళది, తగ్గితే నష్టమూ వాళ్ళదే. ఏ గంపకు ఎంత తీసుకోవాలో రాసిన రేట్ల బోర్డు పంచాయతీ ఆఫీసు గోడకు వేలాడేది. సంతేమో రోడ్డు మీద. కాబట్టి ఆ బోర్డు చదివి సంతకు వచ్చిన మనిషి ఒక్కరూ లేరు.

మామయ్యగారు రిటైరైన బడిపంతులు. ఉగాదికి రామాలయంలో పంచాంగం చదివేది కూడా ఆయనే. ఆయన నోట మొదలైన పని సవ్యంగా సాగుతుందని ఊరివాళ్ళ నమ్మకం. బావి తవ్వినా, పత్తి గింజ వేసినా ఆయన చేత ఒక మాట అనిపించుకునేవారు. అదే వరసలో సంత వేలంలో మొదటి పాట కూడా ఆయనే అనేవారు. నిరుటి అంకెకు ఒక్క రూపాయి కలిపి చెప్పాలి, పాట సున్నాతో ముగిసే అంకెతో మొదలు కాకూడదని ఆ రూపాయి. పాటకు కట్టాల్సిన ధరావతు సర్పంచిగారే ఆయన పేరున కట్టి, అంతా అయ్యాక వెనక్కి తీసుకునేవారు. ఆ మొదటి మాట తరవాత అసలు పాటగాళ్ళు గొంతు సవరించుకునేవారు. మామయ్యగారు కండువా సర్దుకుని భోజనం వేళకు ఇంటికి వచ్చేసేవారు. ఎన్నో ఏళ్ళుగా అంతే.

ఆ ఏడు అసలు పాటగాళ్ళందరూ కుమ్మక్కయ్యారు. ఎవరూ నోరు విప్పకపోతే పాట రద్దవుతుంది, మళ్ళీ వేసేనాటికి అంకె దిగుతుంది అని వాళ్ళ ఎత్తు. పంతులుగారు అన్నదాన్ని వాళ్ళు పాటగా లెక్కలోకే తీసుకోలేదు. సభకు ముందు దీపం వెలిగించడం లాంటిదనుకున్నారు. కానీ ఆ ఏడు పంచాయతీకి కొత్త ఆఫీసరు వచ్చారు. అందరూ ఈవోగారనేవారు. మా ఊరి ఆచారం ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఒకటోసారి అన్నారు, రెండోసారి అన్నారు, అందరి మొహాలూ చూసి మూడోసారి అని బల్ల మీద చరిచారు.

"పాట ఖరారైంది. పంతులుగారూ, వచ్చి సంతకం పెట్టండి."

సర్పంచిగారు కంగారుపడి, "అది శుభానికి అన్నదండీ, ఊరికే," అన్నారట.

"శుభానికి అన్నా పాట పాటేనండీ. ఆయన తప్పుకుంటానంటే రాసుకుంటాను. ధరావతు పోతుంది, మళ్ళీ వేలం వేద్దాం," అన్నారు ఈవోగారు.

"ధరావతు పోతే పోయింది, పంతులుగారూ, మీరు తప్పుకోండి," అన్నారు సర్పంచిగారు. అది ఆయన మంచితనం.

మామయ్యగారు, "నేను అన్నానా, లేదా?" అని అడిగారట.

"అన్నారు."

"అయితే కలం ఇలా ఇవ్వండి. ఉగాదికి ఈ నోటితోనే ఊరందరికీ ఏడాది ఫలం చెప్పాలి నేను."

మాకున్నది ఆయన పింఛనూ, ఎకరంన్నర మిరపచేనూ. ఆ చేనునే పూచీగా రాసిచ్చారు. వాయిదా తప్పితే సంతను మళ్ళీ వేలం వేస్తారు, తగ్గిన డబ్బు చేను మీద రాబట్టుకుంటారు. ఆయన మాటా, మా చేనూ ఒకే కొక్కేనికి వేలాడాయి ఆ ఏడాది. మావారు గుంటూరులో మిర్చి కమీషన్ కొట్లో గుమస్తా. ఆదివారం వచ్చి సంగతంతా విని, "నాన్నగారు చేసింది తప్పనలేం, ఒప్పనలేం," అని మళ్ళీ బస్సెక్కారు. అత్తయ్య మాత్రం దేవుడి దగ్గర దీపం వెలిగించి, ఈ ఏడాది గట్టెక్కితే పెదకాకాని గుడికి వచ్చి పొంగలి పెట్టుకుంటానని మొక్కుకుంది.

మొదటి మంగళవారం మామయ్యగారు చేతిసంచీ, చీటీల పుస్తకం పట్టుకుని వెళ్ళారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. సంచి నిండుగా ఉంది.

"ఏమండీ, బాగానే వసూలైనట్టుందే," అని అత్తయ్య సంచి తీసుకుని చేటలో గుమ్మరించింది. వంకాయలు, పచ్చిమిరపకాయలు, చింతపండు ముద్ద, గోంగూర కట్ట. అడుగున ఎక్కడో కాసిని చిల్లర నాణేలు.

"డబ్బులేవండీ?"

"అడగబోయేసరికి ప్రతివాళ్ళూ నమస్కారం పెడుతున్నారే. 'పంతులుగారూ, మా వాడు మీ దగ్గరే చదివాడు' అంటారు. బాగున్నాడా అని అడుగుతాను. బాగున్నాడంటారు. ఆ తరవాత డబ్బెలా అడగను?"

"సంత చూసొచ్చారా, సంబంధాలు కలుపుకొచ్చారా?" అంటూ అత్తయ్య చేటలో మిగిలిన కాగితం పొట్లం విప్పింది. విప్పి, ఒక్క అరుపు అరిచింది. పొట్లంలో ఎండు నెత్తళ్ళు, వేలెడేసి చేపలు, వెండి రేకుల్లా మెరుస్తున్నాయి.

మా ఇంట్లో ఉల్లిపాయ కూడా ఏకాదశికి రాదు. అత్తయ్య చేట వదిలేసి గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది. "ఇదేమిటండీ! కళ్ళజోడు ఎందుకు మరి మీకు, అలంకారానికా?"

"ఎవరో వేశారే. నేను సంచి తెరిచి పట్టుకున్నాను, వాళ్ళు వేస్తూ పోయారు," అన్నారాయన, చాలా దీనంగా.

సంగతేమిటంటే, పాత పాటగాళ్ళ మనుషులు ఆశీలు తీసుకున్నాక ప్రతి గంపలోంచీ ఒక పిడికెడు సరుకు కూడా తీసుకునేవారు. పిడికెడు అనే పేరే కానీ, అది దోసెడు ఉండేది. వాళ్ళ ఇళ్ళల్లో వారమంతా కూర దానితోనే. మిగిలింది మర్నాడు పక్క ఊళ్ళో అమ్ముకునేవారు. సంతలో ఆడవాళ్ళకు అది అలవాటైపోయి, సంచి కనపడగానే చెయ్యి తనంతట తానే గంపలోకి వెళ్ళేది.

"బోర్డు మీద పిడికెడు అని లేదు గదా," అన్నారు మామయ్యగారు. ఆ రాత్రి ఇంట్లో ఆ వంకాయ కూర వండలేదు. కూరగాయలన్నీ రామాలయం ముందున్నవాళ్ళకు పంచేశాం. నెత్తళ్ళ పొట్లాన్ని మాత్రం, తిరిగి ఇచ్చేదాకా, పశువుల కొట్టంలో దూలానికి వేలాడదీశారు. ఆ వారం ఊళ్ళో పిల్లులన్నీ మా కొట్టంలోనే కాపురం పెట్టాయి. గేదె రెండు పూటలా పాలు ఎగ్గొట్టింది.

మరుసటి మంగళవారం అత్తయ్య నన్ను పిలిచి, "నువ్వూ వెళ్ళు. చదువుకున్నావు, చీటీలు నువ్వు చించు. ఆయన నమస్కారాలు అందుకుంటారు," అంది. నేను బడి మొహం చూడలేదు. మా నాన్నగారు సాయంత్రాలు దేవుడి గదిలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు, లెక్కలు చెప్పారు. అందుకు ఇప్పటికీ రోజూ ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను. ఆ చదువు ఇలా సంతలో పనికొస్తుందని ఆయనా అనుకుని ఉండరు.

ఆ రోజు ముందుగా వెళ్ళింది ఎండుచేపల వరస దగ్గరికే. సముద్రం ఒడ్డున వాడరేవు వైపు నుంచి వచ్చేవాళ్ళు, సంతకు గాలివాటున చివర కూర్చునేవారు. మామయ్యగారు పొట్లం చాచి, "అమ్మా, ఇది మీలో ఎవరిదో," అన్నారు.

వరసలో మొదట కూర్చున్న మనిషి తలెత్తి చూసింది. నల్లగా, పొడుగ్గా, ముక్కుకి పెద్ద బేసరి. ఒక్క క్షణం నోరు తెరిచి, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓరి నాయనో! పంతులుగారికా నేను ఎండుచేపలేసింది? సంచిని చూత్తాం గాని మొహం చూత్తామా అయ్యా! ఏటేటా ఎవుడో ఒకడు సంచి తెరుత్తాడు, ఏత్తాం. తప్పైపోయింది, చెంపలేసుకుంటాను!"

"తప్పు నీది కాదమ్మా. పిడికెడు ఇకనుంచి లేదు. ఎవరూ ఇవ్వక్కర్లేదు. బోర్డు మీద ఉన్న ఆశీలు ఇస్తే చాలు," అన్నారాయన. నేను ఈవోగారి అనుమతితో రేకు మీద రాయించి తెచ్చిన బోర్డును బైటికి తీసి, గంపకు ఎంతో, బండికి ఎంతో, నేల మీద పరిచిన గుడ్డకు ఎంతో గట్టిగా చదివాను. జనంలో అంత గట్టిగా మాట్లాడటం నాకదే మొదలు.

ఆమె పొట్లం అందుకుని, వరసంతా వినేలా అరిచింది. "ఒసే, యిన్నారా? పిడికెడు లేదంట! వారం రోజులు నా నెత్తళ్ళను బాపనోళ్ళ ఇంట్లో కాపాడి తెచ్చిచ్చారే! నా పుట్టింటోళ్ళు కూడా అప్పు తీసుకున్న చేపలు తిరిగివ్వలా!"

వరసంతా ఒకటే నవ్వు. మామయ్యగారు కూడా నవ్వారు. ఆయన సంతలో మొదటిసారి నవ్వింది అప్పుడే.

కానీ నవ్వులతో వాయిదాలు తీరవు. ఇంకో చిక్కు వచ్చింది. పొద్దున్నే ఆశీలు అడిగితే, ఆకుకూరలమ్మే ఒక పెద్దావిడ, "బోణీ కాకముందే చెయ్యి చాస్తే ఎట్టమ్మా? నా కొంగున మీ ఊరి మట్టి తప్ప ఏముంది?" అంది. నిజమే కదా అనిపించింది. పాత పాటగాళ్ళు పొద్దున్నే అడిగితే, వీళ్ళు పక్క కొట్లో వడ్డీకి తెచ్చి ఇచ్చేవారట. నేను మామయ్యగారి వైపు చూశాను. ఆయన తలూపారు. ఆ రోజునుంచి బోణీ అయ్యాక, వెళ్ళేటప్పుడు కట్టమన్నాం.

అటుగా వచ్చిన ఈవోగారు విని నెత్తి కొట్టుకున్నారు. "అమ్మా, ఈ సంతకు గోడ లేదు, గేటు లేదు. సాయంత్రం ఇస్తామన్నవాళ్ళు ఎటునుంచి పోతారో మీకేం తెలుస్తుంది?"

ఆయన అన్నట్టే అయింది. పొద్దు వాలేసరికి సగం గంపలు మాయం. మొదటి వాయిదాలో పింఛను డబ్బు కలిపి కట్టారు. టీ కొట్టు దగ్గర పాత పాటగాళ్ళు, "పంతులుగారు నడిపేది సంత కాదురా, సత్రం," అని నవ్వుకుంటున్నారని గాజులమ్మే ఆవిడే మళ్ళీ మోసుకొచ్చింది. వాళ్ళలో ఒకాయన మర్యాదగా ఇంటికి కూడా వచ్చారు. "పేరు మీదే ఉంటుంది పంతులుగారూ, వసూలు మాకొదిలేయండి. వాయిదాలు మేం కట్టుకుంటాం. మీ చేనుకు ఢోకా ఉండదు."

అత్తయ్య ఆశగా చూసింది. నేనూ చూశాను.

"పిడికెడు తీస్తారా?" అని అడిగారు మామయ్యగారు.

"అది లేకపోతే మాకేం మిగులుతుందండీ? లోకమంతా ఉన్నదే గదా."

"లోకమంతా ఉన్నదేనయ్యా. కానీ నేను వద్దని వాళ్ళకు చెప్పాను," అని మంచినీళ్ళు ఇచ్చి పంపేశారు. ఆ పూట ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఇంటికి పెద్దకోడలిగా నేను చేయగలిగింది ఏమీ లేక, తులసమ్మ చుట్టూ తిరిగి, "అమ్మా, ఆయన మాట నిలబెట్టు," అనుకున్నాను.

ఆ తరవాతి మంగళవారం సాయంత్రం నేను చీటీలు పట్టుకుని అటూ ఇటూ పరుగెడుతుంటే, చీరాల వైపు బస్సులాగే చోట గట్టిగా కేక వినపడింది. ఎండుచేపల ఆమె. గంప చంకన పెట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది.

"ఏమే, టమాటాల పిల్లా! యాడికే ఆ పరుగు? పంతులుగారి ఆశీలు ఎవురు కడతారు, నీ మొగుడా?"

"బస్సు పోద్దక్కా!"

"పోతే పోద్ది, ఇంకోటొత్తది. పిడికెడు తినకుండా వదిలిన మనిషి మళ్ళీ వత్తాడా? అమ్మాయ్, ఇటు రా, ఈమెకు చీటీ చించు!"

ఆ పిల్ల నవ్వుతూనే తిట్టుకుంటూ డబ్బిచ్చింది. వెనక వస్తున్నవాళ్ళు తమంతట తామే కొంగుముడి విప్పుకున్నారు. గుంటూరు వైపు వెళ్ళేవాళ్ళను పట్టుకోమని తన వరసలో మరొకామెను నిలబెట్టింది. నేను థాంక్స్ చెప్పబోతే, "నా బస్సే ఆఖరిదమ్మా, ఊరికే నిలబడేకంటే నోటికి పని," అంది.

ఆ నెలనుంచి వాయిదా వసూళ్ళలోంచే వెళ్ళింది. సంతలో చీటీలు చించే కోడలని ఊళ్ళో కొందరు నన్ను గురించి మాట్లాడుకున్నారు. గుడి దగ్గర ఒకావిడ అత్తయ్యతోనే అనేసింది కూడా. అత్తయ్య ప్రసాదం కళ్ళకద్దుకుని, "మా కోడలు చీటీలే చించుతుందమ్మా. ఊళ్ళోవాళ్ళ పరువులు చించడం ఇంకా నేర్చుకోలేదు," అంది. అత్తయ్య నన్ను మెచ్చుకున్నది ఆ పద్ధతిలోనే, ఎప్పుడూ.

అసలు పరీక్ష వానాకాలం చివర వచ్చింది. ముసురు పట్టింది. పత్తి తడిసిపోయి, కూలి పనులు లేక, కొనేవాళ్ళ చేతిలో డబ్బు లేదు. వచ్చిన గంపలు కూడా తక్కువ. రెండు మంగళవారాలు సంత సంతలా లేదు. ఆ నెల వాయిదా గడువు దగ్గరపడింది. చేను మీదకు నోటీసు వస్తుందేమోనని అత్తయ్య గుమ్మంలోకి ఎవరు వచ్చినా ఉలిక్కిపడేది. మూడో మంగళవారం సన్నగా తుంపర. మామయ్యగారూ నేనూ గొడుగు కింద నిలబడి ఉన్నాం. వచ్చిన కొద్దిమందీ గంపలు దించకుండా, నెత్తినే పెట్టుకుని తిరుగుతూ అమ్ముతున్నారు. దించితే ఆశీలు కదా. వాళ్ళను తప్పుపట్టలేం, వానకు బేరాలు అలా ఉన్నాయి. మామయ్యగారు ఎవరినీ దించమనలేదు.

చీరాల బస్సు ఆగింది. ఎండుచేపల ఆమె దిగింది. గంప బోర్లించి నెత్తిన పెట్టుకుంది, వానకు గొడుగులాగా. లోపల ఏమీ లేదు.

"చేపలేవమ్మా?" అన్నాను.

"ఎండ లేందే చేపలెట్టా ఎండుతాయి? వారమైంది తీరాన ఒక్క నెత్తడు ఆరలా."

"మరి ఈ వానలో ఎందుకొచ్చావు?"

"నేను రాకపోతే సాయంత్రం బస్సు కాడ ఎవురు నిలబడతారు? ఇంటికాడ కూకుంటే మొగుడితో పోట్లాట. అందుకొచ్చా," అంది. అని, తన వరస జాగాలోకి వెళ్ళి, బురదలో ఆ ఖాళీ గంపను దించింది. దించి, కొంగుముడి విప్పి, మామయ్యగారి ముందు చెయ్యి చాపింది.

"ఇదేమిటమ్మా? నీ గంపలో సరుకు లేదు," అన్నారాయన.

"గంప నేల తాకిందా, లేదా? మీరు చెప్పిందేగా పంతులుగారూ. చీటీ చించండి. బోర్డు మీద సరుకుండాలని లేదు, మీ కోడలు చదివింది నేనిన్నాను!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆకుకూరల పెద్దావిడ, "దీని పిచ్చి తగలెయ్య," అంటూ తన గంప కూడా దించింది. ఒకరి వెనక ఒకరు దించారు. తుంపరలో నేను చీటీలు చించుతుంటే సిరా అలుక్కుపోయింది. మామయ్యగారు నాణేలు అందుకుంటూ ఎవరికీ కనపడకుండా కళ్ళజోడు తుడుచుకున్నారు. వాన నీళ్ళేననుకుందాం.

ఆ నెల వాయిదా గడువులోనే కట్టాం. ఆ తరవాత దేవుడు ఎండలిచ్చాడు. మిరపకోతలు మొదలై కూలివాళ్ళ చేతిలో డబ్బు ఆడింది, సంత తిరునాళ్ళలా కిటకిటలాడింది. మార్చి నెలాఖరుకు అన్ని వాయిదాలూ తీరాయి. పూచీ కాగితం ఈవోగారే స్వయంగా తెచ్చి మామయ్యగారి చేతిలో పెట్టి, నమస్కారం చేసి వెళ్ళారు.

కొద్దిగా మిగిలింది కూడా. అత్తయ్యకు ఆ డబ్బు మీద ఎన్నో ఆలోచనలు ఉండేవి. మామయ్యగారు మాత్రం ఎండుచేపల వరస మీద తాటాకు పందిరి వేయించారు. సంతలో నీడ లేని వరస అదొక్కటే. "ఆయన సంపాదించిందంతా చేపల పాలు చేశారు," అని అత్తయ్య అందరితో చెప్పుకునేది, కాస్త గర్వంగానే. పెదకాకాని వెళ్ళి పొంగలి పెట్టుకున్నాం. ఆ రోజంత తియ్యటి పొంగలి నేను మళ్ళీ తినలేదు.

మరుసటి వేలానికి సర్పంచిగారు మామూలుగానే కబురు చేశారు. మామయ్యగారు వెళ్ళారు కానీ, "శుభమస్తు అని మాత్రం అంటాను. అంకె మీరెవరైనా అనుకోండి," అన్నారట. అందరూ పకపకా నవ్వారట. ఈసారి పాటగాళ్ళు ఎవరూ మౌనంగా కూర్చోలేదు. కొన్నాళ్ళకు పిడికెడు మెల్లగా మళ్ళీ మొదలైందని విన్నాను. అలాంటివి ఒక ఏడాదితో పోవు. కానీ బోణీ అయ్యాకే ఆశీలు అడగటం మాత్రం మా సంతలో నిలిచిపోయింది. రేకు బోర్డు కూడా చాలాకాలం ఉంది.

తరవాత మేం గుంటూరు వచ్చేశాం. మామయ్యగారు, అత్తయ్య దైవసన్నిధికి చేరారు. వాళ్ళను తలుచుకోవటానికి మా ఇల్లంతా ఉంది. ఎండుచేపల ఆమె ఎక్కడుందో, ఎలా ఉందో నాకు తెలియదు. ఆమెకు మేం బంధువులం కాదు, ఆమె వల్ల గట్టెక్కామని ఆమెతో సరిగ్గా చెప్పనైనా లేదు. చెప్పబోయినప్పుడల్లా బస్సొచ్చేది.

అందుకే చదివిన మిమ్మల్ని అడుగుతున్నాను. ఎప్పుడైనా వానపడుతుండగా ఏ సంత పక్కనుంచైనా వెళ్తే, బురదలో ఖాళీ గంప దించి కొంగుముడి విప్పుకున్న ఆ వాడరేవు ఆమెను నా తరపున ఒక్కసారి తలుచుకోండి.